తప్పు నీళ్లది కాదు

ఇంగ్లండుల చదువుకు దిగిన రెండో వారానికి మన నల్లగొండ, పాలమూరు పిల్లలు అడిగేది ఇదే: "అన్నా, నాలుగు ముద్దలు తిన్నా కడుపు డోలు లెక్క అయితాంది, ఇక్కడి నీళ్లు పడుతలేవా?" మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లను చూసి పెరిగినోళ్లం కదా, మన అనుమానం ముందుగాల నీళ్ల మీదికే పోతది. ఇక్కడ నల్లా నీళ్లు తాగొచ్చు. మారింది మన తిండి.

విమానం దిగిన రోజు ఉబ్బరం లెక్కలోకి రాదు. పైన గాలి ఒత్తిడి తగ్గి పేగుల్లోని గాలి పెరుగుతది. దిగి నడిస్తే సర్దుకుంటది.

అసలు సంగతి పాలు. ఇంటికాడ చాయ్‌లో ఇన్ని పాలు, అన్నంలకు పెరుగు, ఎండకు సల్ల. ఇక్కడ పొద్దున్నే గిన్నెడు సీరియల్‌లో (కార్న్‌ఫ్లేక్స్ లాంటిది) చల్లని పాలు గుమ్మరించుకుంటరు. పెద్దయినంక మనలో చానామందికి పాలల్లో ఉండే లాక్టోజ్ అరగదు. అరగనిది పెద్దపేగులకు పోయి పులుస్తది, గ్యాస్ అయితది. పెరుగులో లాక్టోజ్ కొంత ముందే తగ్గుతది కాబట్టి అది చానామందికి పడుతది. రెండు వారాలు పాలు బంద్ చేసి చూడండి. లాక్టోజ్ లేని పాలు సూపర్‌మార్కెట్‌లో దొరుకుతయి.

రాజ్మా సంగతి నన్ను అడగండి. మొదటి చలికాలం, సస్తగా ఉందని కిలో ప్యాకెట్ తెచ్చి, గంట నానబెట్టి, ఆ నురగ నీళ్లతోనే వండిన. రాత్రి ప్యాంటు గుండీ పెట్టుకోలేకపోయిన. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు తెర్ల మసలబెట్టి, మెత్తగా ఉడకనియ్యాలె. సగం ఉడికిన రాజ్మా తింటే వాంతులే. డబ్బా గింజలైతే కడిగి వాడండి.

ఇంకోటి, ఎవరూ నోరు తెరిచి చెప్పరు. ఆరుగురికి ఒక బాత్రూం. సిగ్గుకు, క్లాసు తొందరకు ఆపుకుంటరు. జొన్న రొట్టె పోయి తెల్ల బ్రెడ్ వచ్చె. మలబద్ధకంతోటే సగం ఉబ్బరం. అందరికంటే అరగంట ముందు లేవండి. పీచు తిండి మెల్లగా పెంచండి. ఒక్కసారే పెంచితే ఇంకా ఉబ్బుతది.

షుగర్ లేని చూయింగ్ గమ్, షిఫ్టుల్లో కూల్‌డ్రింకులు కూడా ఉబ్బరం తెస్తయి.

అమ్మ సూట్‌కేసులో పెట్టిన ఓమ నమలండి, తప్పులేదు. కానీ మూడు వారాలు దాటినా తగ్గకపోతే, బరువు తగ్గుతుంటే, మలంలో రక్తం పడితే జీపీకి, అంటే మన ఏరియా డాక్టర్‌కు చూపించుకోవాలె. కడుపు బిగుసుకపోయి, వాంతులై, గాలి కూడా పోకుంటే అంబులెన్స్ నంబరు 999కి ఫోన్ చేయండి. ఏం చెయ్యాల్నో తోచకుంటే వైద్య సలహా ఇచ్చే నంబరు 111. జీపీ కాడ పేరు మొదటి వారంలనే రాయించుకోండి, పైసలు అడగరు. అక్కడ "గ్యాస్ ట్రబుల్" అంటే అర్థం కాదు, "బ్లోటింగ్" (ఉబ్బరం), "విండ్" (గ్యాస్) అనాలె. ఎప్పుడు ఏం తిన్నరో ఫోన్‌లో రాసుకొని పోండి, డాక్టర్ ఇచ్చేది పది నిమిషాలే.