హై ప్రెషర్ గాలి, 4వ పాఠం: ముందు చల్లార్చండి, తర్వాతే ఫిల్టర్

పోయినసారి తప్పు నాదే. ఎయిర్ రైఫిల్ కోసం కంప్రెసర్‌తో సిలిండర్‌లో గాలి నింపేటప్పుడు ‘గాలిని చల్లార్చుకోండి’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను, ఎక్కడ చల్లార్చాలో చెప్పలేదు. పటమట తమ్ముడొకడు హోస్‌ని ఐసు బకెట్‌లో ముంచాడు. ముంచింది తేమను పట్టే ఫిల్టర్ దాటాక. రెండు వారాలకే రైఫిల్ గుండు ఒకటి పైకి, ఒకటి కిందకి కొడుతోందని పట్టుకొచ్చాడు. గుండుకు అందే గాలి ప్రెషర్‌ని ఒకే తీరుగా ఉంచే రెగ్యులేటర్‌ని విప్పి చూస్తే లోపలి స్ప్రింగ్ వాషర్ల మీద తడి, తుప్పు. వేలు పెడితే ఎర్రగా అంటింది.

గుంటూరు నుంచి ఇంకొకాయన ఫోన్: ‘అన్నా, బ్లీడ్ వాల్వ్‌లోంచి మజ్జిగ వస్తోంది!’ బ్లీడ్ వాల్వ్ అంటే పేరుకున్న నీటిని బయటికి వదిలేది. కంగారు పడకండి. నీళ్ళూ ఆయిలూ కలిస్తే తెల్లగానే వస్తుంది, అది బయటికి రావడమే మనకు కావాలి. ఆయిల్ చూసే గాజు కన్నులో కూడా తెల్లగా కనిపిస్తే మాత్రం ఆయిల్ మార్చాలి. ఈయన కంప్రెసర్‌ని చల్లబరిచే నీళ్ళ బకెట్‌లో ఐసు వేశాడట. గాలిని నొక్కే హెడ్ మరీ చల్లబడి నీరు లోపలే దిగింది. ఆ బకెట్‌కి మామూలు నీళ్ళు చాలు.

కంప్రెసర్ ఆన్ చేయడం, హోస్ తగిలించడం మళ్ళీ చెప్పను.

ఇప్పుడు లెక్క. 35 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు సుమారు 40 గ్రాముల నీటిని ఆవిరిగా మోయగలదు. తేమ 70 శాతం ఉన్న మన ఉక్క సాయంత్రం అందులో 28 గ్రాములు ఉంటుంది. 6.8 లీటర్ల సిలిండర్‌ని 300 బార్‌కి (ఒక బార్ అంటే సుమారుగా మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి) ఖాళీ నుంచి నింపితే దాదాపు 2 ఘనపు మీటర్ల గాలి లోపలికి పోతుంది. అంటే 55 గ్రాముల నీరు, చిన్న టీ గ్లాసులో సగం. నిండిన సిలిండర్‌లో ఆవిరిగా నిలవగలిగేది పావు గ్రాము పైచిలుకే. మిగతాదంతా నీళ్ళుగా మారాల్సిందే. ఎక్కడ మారుతుందన్నదే మన చేతిలో ఉంది.

నాకు చిరాకు తెప్పించే సంగతి ఇక్కడే ఉంది. కంప్రెసర్ నోటికే ఫిల్టర్ బిగించి ‘సిలికా జెల్ (తేమ పీల్చే గింజలు) పెట్టాం కదా’ అంటారు. ఎంత ఆవిరి పట్టాలో తేల్చేది ప్రెషర్ కాదు, జాగా, వేడి. లీటరు జాగాలో 60 డిగ్రీల దగ్గర పట్టే ఆవిరి 30 డిగ్రీల దగ్గర పట్టేదానికి నాలుగు రెట్లు పైనే. వేడి గాలి ఫిల్టర్‌లోంచి నీటిని ఆవిరిగానే మోసుకుపోయి, సిలిండర్‌లో చల్లారాక అక్కడ దింపుతుంది. పైగా వేడిలో సిలికా జెల్ నీటిని సరిగా పట్టుకోదు. నీలం గింజలు గులాబీ రంగుకి తిరగలేదని ధీమా వద్దు. ఆయిల్ పట్టిన గింజలు గోధుమ రంగులో ఉండిపోతాయి, ఏ కబురూ చెప్పవు.

కాబట్టి వరస ఇది: కంప్రెసర్, నీళ్ళ బకెట్‌లో స్టీల్ ట్యూబ్ చుట్ట, నీరు దిగే సెపరేటర్, ఆపైన సిలికా జెల్, చివర హోస్. ట్యూబ్‌ని ఆటోనగర్‌లో హైడ్రాలిక్ ఫిట్టింగులు అమ్మే చోట తీసుకోండి. వర్కింగ్ ప్రెషర్ ఎంతో రాసి ఉన్నదే కొనండి. కారు ఏసీ రాగి గొట్టం మాత్రం వద్దు, పగిలితే కళ్ళు పోతాయి. బకెట్‌లో ఐసు అక్కర్లేదు, కుండ నీళ్ళతో నాకు బాగానే నడుస్తోంది.

నా అలవాటు ఇంకొకటి. ఫిల్టర్‌లో 150 బార్ వచ్చేదాకా సిలిండర్ వాల్వ్ మూసే ఉంచుతాను. తర్వాత గేజ్ అక్కడి నుంచి కిందికి దిగకుండా కొద్దికొద్దిగా తెరుస్తాను. 20 బార్ దగ్గర అదే గాలి 150 బార్ దగ్గరకన్నా ఏడున్నర రెట్ల జాగా తీసుకుంటుంది, అంత ఎక్కువ ఆవిరినీ మోసుకెళ్తుంది. ప్రెషర్ పట్టి ఉంచే వాల్వ్ ఉన్న కంప్రెసర్ అయితే ఈ తంటా లేదు. సిలిండర్‌ని 100 బార్ కిందికి ఖాళీ చేయకపోతే పని ఇంకా తేలిక.

బ్లీడ్ వానాకాలంలో 5 నిమిషాలకోసారి. మెల్లగా తెరవండి, ముఖం పక్కకి పెట్టుకోండి. చివర్లో బ్లీడ్ తెరిచాకే మోటారు ఆపండి.

అభ్యాసం: ఈ వారం మూడుసార్లు నింపండి, తెల్లవారి, మధ్యాహ్నం, రాత్రి. ప్రతిసారి ముందూ వెనకా సిలికా జెల్ గింజల్ని బంగారం తూచే చిన్న తక్కెడలో తూచండి. పక్కనే గది వేడి, తేమ, ఎన్ని బార్ నుంచి ఎన్ని బార్‌కి నింపారో రాయండి. తర్వాత చుట్ట తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి నింపి తేడా చూడండి. చుట్ట లేనప్పుడు నింపిన గాలిని రైఫిల్‌లోకి ఎక్కించకండి, బయటికి వదిలేయండి. ఈ అంకెలన్నీ పంపితే వచ్చే పాఠం వాటి మీదే రాస్తాను.