సెప్టిక్ ట్యాంకు తోడించిన వారానికే మళ్లీ నిండిందా? ఇంటి మురుగునీటి సమస్యలు, అసలు కారణాలు, మరమ్మతులు

భూగర్భ డ్రైనేజీ రాని కాలనీల్లో, ఊళ్లలో మురుగు పోయే దారి దాదాపు ఒకటే: కమోడ్ నుంచి 4 అంగుళాల పైపు, దారిలో ఛాంబర్లు, తర్వాత సెప్టిక్ ట్యాంకు, చివర సోక్ పిట్, అంటే ఆ నీరు నేలలోకి ఇంకే గుంత. స్నానాల నీరు, వంటింటి నీరు గల్లీ ట్రాప్ (వాసన వెనక్కి రాకుండా నీరు నిలిచే చిన్న తొట్టి) మీదుగా ఇదే లైనులో కలుస్తాయి, లేదా విడిగా వీధి కాలవలోకి పోతాయి. బాత్రూములో నీరు నిలిచినప్పుడు తప్పు అక్కడ ఉండడం తక్కువ. కిందివైపు ఎక్కడో ఉంటుంది. అందుకే వెతుకులాట సోక్ పిట్ దగ్గర మొదలై ఇంటివైపు రావాలి. ఇంటి దగ్గర మొదలుపెడితే ముందు టైల్స్ పగులుతాయి, తర్వాత ఆలోచన వస్తుంది.

మూతలు తీసే ముందు ఒక జాగ్రత్త. తీశాక అరగంట అలా వదిలేయండి. తల లోపలికి వంచొద్దు, బీడీ, అగ్గిపుల్ల దగ్గరికి రానివ్వొద్దు. లోపల మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటాయి. ఈ రెండోది కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది, కానీ మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఏ వాసనా తెలియదు. వాసన లేదు కదా అని దిగిన మనిషి, అతన్ని లాగుదామని దిగిన రెండో మనిషి, ఇద్దరూ పోయే ప్రమాదాలు ఇలాగే జరుగుతాయి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ట్యాంకులోకి దించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం కూడా.

లక్షణం: ట్యాంకరు వచ్చి తోడేసి వెళ్లింది, వారం తిరక్కుండానే ట్యాంకు నిండింది

సెప్టిక్ ట్యాంకు ఎప్పుడూ నిండే ఉండాలి. ఇంట్లోంచి ఒక బకెట్టు లోపలికొస్తే అవతలి వైపు నుంచి ఒక బకెట్టు బయటికి పోతుంది. నీరు ఒకటి రెండు రోజులు కదలకుండా ఉంటేనే బరువైనదంతా అడుగుకు దిగి బురదవుతుంది, నూనె, తేలికైన చెత్త పైన తెట్టు కడతాయి, మధ్యలో ఉన్న నీరు సోక్ పిట్‌కు వెళ్తుంది. ఐదుగురు వాడే ట్యాంకుకు భారత ప్రమాణమైన ఐఎస్ 2470 ఇచ్చే కొలతలు 1.5 మీటర్ల పొడవు, 0.75 మీటర్ల వెడల్పు, 1 మీటరు నీటి లోతు. అంటే 1,125 లీటర్లు. మనిషికి రోజుకు 100 లీటర్ల మురుగు వేసుకున్నా, తోడించిన మూడో రోజుకు ట్యాంకు నిండుతుంది. ట్యాంకరు వాళ్లతో తగువు పెట్టుకుని లాభం లేదు.

కాబట్టి చూడాల్సింది నీటి మట్టం. బయటికి వెళ్లే పైపు వైపున్న మూత తీసి, ఆ పైపు అడుగు అంచు దగ్గర నీరెక్కడుందో చూడండి.

మట్టం సరిగ్గా అంచు దగ్గరుంటే ట్యాంకు, సోక్ పిట్ రెండూ బాగున్నట్టే. తప్పు ట్యాంకుకూ ఇంటికీ మధ్య లైనులో ఉంది.

అంచుకంటే పైకి ఉంటే నీరు బయటికి పోవడం లేదు. పైపుకు లోపల ఉన్న టీలో (T ఆకారపు పైపు ముక్కలో) తెట్టు ఇరుక్కుని ఉండాలి, లేదా సోక్ పిట్ ఇంకడం మానేసి ఉండాలి. వెదురు కర్రతో టీని పైనుంచి కెలకండి. బుడబుడమని మట్టం దిగిపోతే టీలోనే అడ్డు. ఏమీ కదలకపోతే సోక్ పిట్.

ఇల్లు వాడుకలో ఉండి కూడా మట్టం అంచుకు అందకపోతే ట్యాంకు కారుతోంది. ఖాళీ చేసి, లోపల 1:3 సిమెంటు మాలుతో వాటర్‌ప్రూఫ్ మందు కలిపి ప్లాస్టరింగ్ చేయించాలి, ఆరాక నీరు నింపి 24 గంటలు మట్టం దిగకుండా ఉందో లేదో చూడాలి. గ్యాస్ మీటరు, బ్లోయరు, తాడు లేని మేస్త్రీకి ఈ పని ఇవ్వొద్దు.

ఇక తోడించాలా వద్దా అన్నది బురద చెబుతుంది. ఆరడుగుల కర్ర కింది భాగానికి తెల్ల టవల్ గుడ్డ చుట్టి, టీ పక్కగా అడుగు తగిలేదాకా మెల్లగా దించి, రెండు నిమిషాలాగి తీయండి. నల్లగా పట్టినంత మేర బురద. అదీ, పైన ఉన్న తెట్టూ కలిపి నీటి లోతులో మూడో వంతు దాటాయా, అంటే మీటరు లోతు ట్యాంకులో 33 సెంటీమీటర్లు దాటాయా, ఇక ఆలస్యం చేయొద్దు. మామూలు ఇంట్లో ఇది 2, 3 ఏళ్లకొకసారి వస్తుంది. పదేళ్లుగా తోడించలేదని గొప్పగా చెప్పుకునే ఇళ్లలో బురద ఎప్పుడో సోక్ పిట్‌లోకి చేరి ఉంటుంది. తోడేటప్పుడు అడుగున కొంచెం పాత బురద వదిలేయమనండి. అందులోని బ్యాక్టీరియాతో ట్యాంకు పని తొందరగా మళ్లీ మొదలవుతుంది. అంగట్లో అమ్మే పొడులు, పేడ నీళ్లు అక్కర్లేదు, ఇంటి మురుగులోనే కావలసినంత బ్యాక్టీరియా ఉంది. దాన్ని చంపేది మాత్రం కమోడ్‌లో పోసే యాసిడ్, ఫినాయిల్, బ్లీచింగ్.

గోదావరి, కృష్ణా డెల్టా ఊళ్లలో ఇంకో చిక్కు. వానాకాలంలో భూగర్భ జలం ట్యాంకు అడుగు కంటే పైకి వస్తుంది. అప్పుడు పూర్తిగా తోడేస్తే తేలికపాటి ప్లాస్టిక్, ఫైబర్ ట్యాంకులు పైకి తేలుతాయి. వెయ్యి లీటర్ల ఖాళీ ట్యాంకును చుట్టూ ఉన్న నీరు దాదాపు టన్ను బలంతో పైకి నెడుతుంది, పైపు జాయింట్లు పుటుక్కున ఊడిపోతాయి. అక్కడ తోడించే పని ఎండాకాలంలోనే పెట్టుకోవాలి.

లక్షణం: సోక్ పిట్ ఇంకడం లేదు, మూత చుట్టూ తడి, వాసన

ముందు నిర్ధారణ. ట్యాంకరు తోడుతుండగా బయటికి వెళ్లే పైపులోంచి నీరు వెనక్కి ట్యాంకులోకి కారుతుంటే సోక్ పిట్ గొంతుదాకా నిండి ఉంది.

కారణాలు మూడు రకాలు. ట్యాంకును ఏళ్ల తరబడి తోడించకపోవడంతో బురద కొట్టుకొచ్చి గుంత గోడలకు జిగట పొరలా పట్టడం మొదటిది. నేలే నీరు పీల్చనిది కావడం రెండోది: గరుసు నేలలో, ఇసుక నేలలో హాయిగా పనిచేసిన గుంత కొలతలే నల్లరేగడిలో తీస్తే పని జరగదు, ఆ మన్ను తడిసి ఉబ్బి రంధ్రాలు మూసుకుంటుంది. వానాకాలంలో భూగర్భ జలం పైకి రావడం మూడోది. ఎండాకాలంలో అంతా బాగుండి వానల్లోనే ఇబ్బంది పెడితే మూడోదాన్ని అనుమానించండి.

కొత్త గుంతకు డబ్బు పెట్టే ముందు నేలను పరీక్షించుకోవడం చవక. నీరు ఇంకాలనుకున్న లోతుకు అడుగు వెడల్పు గొయ్యి తీయండి. పక్కల మన్ను గీకి గరుకు చేయండి, పలుగు తగిలి నున్నబడిన మన్ను నీరు పీల్చదు. అడుగున 50 మిల్లీమీటర్ల కంకర వేసి, దానిపైన 300 మిల్లీమీటర్ల నీరు నింపి రాత్రంతా నాననివ్వండి. మర్నాడు కంకరపైన 150 మిల్లీమీటర్ల నీరు ఉండేలా సరిచేసి, 30 నిమిషాల్లో ఎంత దిగిందో స్కేలుతో కొలవండి. దాన్నిబట్టి 25 మిల్లీమీటర్లు దిగడానికి పట్టే సమయం లెక్కగట్టండి. ఉదాహరణకు అరగంటలో 50 మిల్లీమీటర్లు దిగితే లెక్క 15 నిమిషాలు.

30 నిమిషాల లోపయితే సోక్ పిట్ సరిపోతుంది. 30 నుంచి 60 మధ్యలో గుంత చాలదు, కందకాలు తవ్వాలి: అర మీటరు నుంచి మీటరు లోతు, అందులో కంకర, కంకర మధ్యలో చిల్లుల పైపు, రెండు కందకాల మధ్య కనీసం 1.8 మీటర్ల ఎడం. 60 దాటితే నేల మీద ఆశ వదులుకోవాలి. ఎంత లోతు తవ్వినా ఆ మన్నులో డబ్బే ఇంకుతుంది. ట్యాంకు నీటిని కంకర ఫిల్టరు గుండా పంపి శుభ్రం చేయడం, లేదా అడుగు మూసిన కంకర మడిలోకి మళ్లించి మెట్టతామర, అరటి లాంటి నీరు తాగే మొక్కలకు పెట్టడం మిగిలిన దారులు.

గుంత కనీసం 900 మిల్లీమీటర్ల వ్యాసం, లోపలికొచ్చే పైపు కిందినుంచి మీటరు లోతు ఉండాలి. ఇటుక గోడ కడితే జాయింట్లలో సిమెంటు పెట్టకూడదు, గోడ వెనక చుట్టూ 75 మిల్లీమీటర్ల మందాన కడిగిన కంకర పోయాలి. లోపలంతా ఇటుక ముక్కలతో నింపేసే అలవాటుంది. అప్పుడు నీటికి మిగిలేది గుంతలో సగంకంటే తక్కువ. మూడ్నాలుగేళ్లలో మూసుకుపోయిన గుంతను పూడ్చేయొద్దు. పక్కన రెండోది తీసి, మధ్యలో చిన్న ఛాంబరు పెట్టి, నీరు కొత్తదానికే వెళ్లేలా పాతదాని నోరు మూయండి. ఆరు నెలలు ఎండితే గోడలకు పట్టిన జిగట చాలావరకు చచ్చిపోతుంది, పాత గుంత మళ్లీ పనికొస్తుంది.

లక్షణం: రెండు గుంతల మరుగుదొడ్డి, రెండు గుంతలూ ఒకేసారి నిండాయి

సెప్టిక్ ట్యాంకు లేకుండా, మలం నేరుగా రెండు గుంతల్లో ఒకదానికి పోయే పద్ధతిది. మధ్య ఛాంబరులో రెండు దారులూ తెరిచి ఉన్నాయి. ఒకదాన్ని ఇటుక ముక్క, బంకమట్టితో మూయాలి. వాడే గుంత నిండాక రెండోదానికి మార్చి, మొదటిదాన్ని రెండేళ్లు కదపకుండా ఉంచితే లోపలిది పొడి ఎరువవుతుంది. ఇప్పటికే రెండూ నిండి ఉంటే ఒకదాన్ని ట్యాంకరుతో తోడించి మళ్లీ మొదలుపెట్టడమే.

లక్షణం: పైఅంతస్తులో స్నానం చేస్తే కింది కమోడ్‌లో నీరు పైకొస్తుంది

రెండు లైన్లూ కలిసిన చోటికి దిగువన అడ్డు ఉంది. ఛాంబరు మూతలు ఒక్కొక్కటే తీయండి. నిండిన ఛాంబరుకూ, దాని తర్వాతి ఖాళీ ఛాంబరుకూ మధ్య పైపులోనే అది ఉంటుంది. ఖాళీ ఛాంబరు వైపు నుంచి కమ్మీ పెట్టి పొడవాలి. నిండినవైపు నుంచి పొడిస్తే అడ్డు ఇంకా ముందుకు జరిగి బిగుసుకుంటుంది, పైగా ఏం చేస్తున్నారో కనిపించదు. అడ్డు వదిలేటప్పుడు నీరు ఒక్కసారిగా వస్తుంది, పక్కకు నిలబడండి.

అదే చోట మళ్లీమళ్లీ అడ్డుపడుతుంటే కడుగుతూ కూర్చోకుండా వాలు చూడండి. 4 అంగుళాల పైపుకు 40కి 1 వాలు కావాలి: పదడుగులకు 3 అంగుళాలు. నీటి గొట్టంతో మట్టం పట్టి చూస్తే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. మట్టి సరిగా దిమ్మిస చేయకుండా పైపు వేస్తే మొదటి వానాకాలానికే మధ్యలో కుంగి కడుపు దిగుతుంది. ఆ ముక్క తవ్వి, కింద ఇసుక పరుపు వేసి మళ్లీ వేయాల్సిందే.

ఛాంబరు అడుగు కూడా చూడండి. చాలామంది మేస్త్రీలు అడుగును పళ్లెంలా చదునుగా, పైపు కంటే రెండంగుళాలు కిందికి వదిలేస్తారు. మలం అక్కడే ఆగి గట్టిపడుతుంది. లోపలికొచ్చే పైపు నుంచి పోయే పైపుదాకా సగం గొట్టం ఆకారంలో కాలవ తీసి, రెండు పక్కలా సిమెంటుతో దానివైపు వాలు ఇవ్వాలి. మలుపు దగ్గర 90 డిగ్రీల బెండు ఒకటి కాకుండా 45 డిగ్రీలవి రెండు వేయించండి.

వంటింటి లైనులో అడ్డంటే తొంభై పాళ్లు నూనె. సింకు నీరు మురుగు లైనులో కలిసేలోపు చిన్న గ్రీజు ట్రాప్ (నూనె తెట్టును ఆపే తొట్టి) కట్టి, బయటికి పోయే పైపు మూతిని నీటిలో మునిగేలా కిందికి వంచితే తెట్టు లోపలే ఆగుతుంది. పదిహేను రోజులకొకసారి తీసి పారేయాలి.

లక్షణం: బాత్రూములో కాలవ వాసన

నీరు పోయే చోట జాలీ కింద ఉండే ట్రాప్‌లో నిలిచే రెండంగుళాల నీరే వాసనకు అడ్డం. వాడని బాత్రూములో ఎండాకాలం ఆ నీరు ఆవిరైపోతుంది. మగ్గుడు నీళ్లు పోసి, పైన ఒక చెంచా వంట నూనె వేస్తే చాలాకాలం ఆగుతుంది. రోజూ వాడే బాత్రూములో వాసన వస్తే జాలీ ఎత్తి నహానీ ట్రాప్‌లోని (బాత్రూము నేల ట్రాప్‌లోని) కప్పు ఉందా చూడండి. శుభ్రం చేయడానికి తీసి పెట్టడం మరిచిపోయిన ఇళ్లు బోలెడు.

పక్క బాత్రూములో ఫ్లష్ చేసినప్పుడల్లా ఇక్కడ గుడగుడ శబ్దం వస్తే కారణం వేరు. లైనుకు గాలి గొట్టం లేదు, పోయే నీరు ట్రాప్‌లోని నీటిని కూడా లాక్కుపోతోంది. నిలువు పైపును డాబా పైదాకా పొడిగించి, మూతికి దోమల జాలీ కట్టాలి. ట్యాంకుకు విడిగా కనీసం 50 మిల్లీమీటర్ల గాలి గొట్టం ఉండాలి. దాన్ని పక్కింటి కిటికీ ఎత్తులో ఆపేసి గొడవలు తెచ్చుకోవద్దు.

లక్షణం: వాన పడితే ట్యాంకు పొంగుతుంది

డాబా నీటి గొట్టాన్ని ఎవరో మురుగు ఛాంబరులో కలిపారు, లేదా ఛాంబరు మూతలు నేలమట్టానికి ఉన్నాయి. గంటలో 25 మిల్లీమీటర్ల వాన పడితే 100 చదరపు మీటర్ల డాబా మీదనుంచి 2,500 లీటర్లు వస్తుంది, చిన్న ట్యాంకుకు రెండింతలు. ఆ ఉరవడికి అడుగున ఉన్న బురదంతా లేచి సోక్ పిట్‌లో పడుతుంది. వాన గొట్టాన్ని విడదీసి వాననీటి ఇంకుడు గుంతకు పంపండి, ఛాంబరు గోడల్ని ఆరంగుళాలు పైకి లేపండి. ఆ ఇంకుడు గుంతలోకి సెప్టిక్ నీటిని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు.

లక్షణం: గోడ అడుగున చెమ్మ, పెరట్లో ఒకచోట మాత్రం పచ్చగా గడ్డి

ఎండాకాలంలో ఒక గీతలా పచ్చదనం కనిపిస్తే కింద పైపు కారుతోంది. జాయింటు వదిలిందో, వేరు దూరిందో తవ్వి చూడాలి. రావి, మర్రి, జువ్వి వేళ్లు పాత స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) గొట్టాల సిమెంటు జాయింట్లలోంచి సులువుగా దూరతాయి. ఆ ముక్కకు పీవీసీ వేయడమే మందు, వేరు కోసి వదిలేస్తే మళ్లీ వస్తుంది. సోక్ పిట్ మీద, పక్కన గడ్డి, చిన్న పూలమొక్కలు చాలు.

గోడ చెమ్మకు చాలాసార్లు కారణం తోటే. పూలమడికి పోసిన మన్ను డీపీసీ (నేల తేమ గోడలోకి ఎక్కకుండా పునాది మీద వేసే) పొరకంటే పైకి లేస్తే తేమ నేరుగా ఇటుకలోకి పోతుంది. మన్ను ఆ పొరకు ఆరంగుళాలు కిందికే ఉంచి, గోడ నుంచి పదడుగుల దూరానికి ఆరంగుళాల వాలు ఇవ్వండి.

లక్షణం: బోరు నీటిలో వాసన, ఇంట్లో తరచూ విరేచనాలు

ముందు తాగడం ఆపి, నీటిని ఈ.కోలై (మలంలో ఉండే బ్యాక్టీరియా) పరీక్షకు పంపండి. సోక్ పిట్‌కూ తాగునీటి బావి, బోరుకూ మధ్య కనీసం 18 మీటర్లు, అంటే 60 అడుగులు, ఇంటికి 6 మీటర్లు ఉండాలి. తెలంగాణలో, రాయలసీమలో రాతినేల ఎక్కువ. అక్కడ మురుగు రాతి పగుళ్లగుండా ఇంకా దూరం పోగలదు, కాబట్టి 60 అడుగులున్నాయి కదా అని పరీక్ష మానొద్దు. బోరు కేసింగ్ నేలపైకి అడుగున్నరైనా లేచి ఉందా, చుట్టూ సిమెంటు గచ్చు పగలకుండా ఉందా చూడండి. దూరం తక్కువైతే క్లోరిన్ వేసి సరిపెట్టుకోవడం తాత్కాలికమే, సోక్ పిట్‌ను మార్చాలి. మార్చేటప్పుడు మీ బోరుతోపాటు పక్కింటి బోరు నుంచి కూడా టేపు పట్టుకుని కొలవండి.