చిన్న గేమింగ్ మౌస్‌ను అంచనా వేయడం – 3వ పాఠం: నడుము కొలత, ఆ తర్వాతే బటన్లు

పోయిన పాఠంలో చెయ్యి కొలిచి అందులో 60 శాతం తీసుకోమన్నాను. చెయ్యి పొడవులో 60 శాతం మౌస్ పొడవుకు, అరచెయ్యి వెడల్పులో 60 శాతం మౌస్ వెడల్పుకు. చాలామంది కొలిచారు, లెక్క వేశారు, సరిగ్గా అక్కడే ఆగిపోయారు. ‘నా చెయ్యి 18 సెంటీమీటర్లు. 10.8 వచ్చింది. అంత పొట్టి మౌస్‌లు లేనే లేవు’ అన్నది మొదటి ఇబ్బంది. ‘వెడల్పు 5.4 వచ్చింది, ఏ పెట్టె మీద చూసినా 6 పైనే రాసి ఉంది. నా చేతికి సరిపడే మౌసే లేదా?’ అన్నది రెండోది. ఈ రెండూ తేలకుండా బటన్ల దగ్గరికి వెళ్లి లాభం లేదు. అందుకని ఈసారి ఎక్కువ భాగం వీటికే ఇస్తున్నాను.

ముందు పొడవు సంగతి. 60 శాతం అన్నది ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే అంకె మాత్రమే. 10.8 వచ్చిందని 11.6 ఉన్న మౌస్‌ను పక్కన పెట్టేయక్కర్లేదు. చిన్నవిగా పేరున్న వాటినే చూడండి. రేజర్ ఓరోచి వీ2 పొడవు 108 మిల్లీమీటర్లు, లాజిటెక్ జీ305 పొడవు 116.6, రేజర్ వైపర్ మినీ 118.3. సెంటీమీటరు తేడా ఉన్న ఈ మూడూ 18 సెంటీమీటర్ల చేతికి నడుస్తాయి. మీరు ఎలా పట్టుకుంటారన్నదాన్ని బట్టి ఆ సెంటీమీటరు అడ్డమూ అవుతుంది, ఆసరా కూడా అవుతుంది.

ఎలాగంటే, వేళ్ల కొసలతో మాత్రమే పట్టుకునే ఫింగర్‌టిప్ గ్రిప్‌లో గురిని కిందికి దించాలంటే వేళ్లు మడిచి మౌస్‌ను అరచేతి వైపు లాక్కుంటాం. వెనక తోక పొడుగ్గా ఉంటే అది అరచేతికి తగిలి ఆగిపోతుంది. అప్పుడు ఆ కొద్దిపాటి కదలికకు కూడా మణికట్టో చెయ్యో జరపాల్సి వస్తుంది. వీళ్లకు పొట్టి మౌస్ నిజంగా అవసరం. వేళ్లను పంజాలా వంచి పట్టుకునే క్లా గ్రిప్ వాళ్లకు అలా కాదు. మౌస్ వెనక భాగం అరచేతి మొదట్లో ఆని ఉండాలి, లేకపోతే ఆ భారమంతా వేళ్లే మోస్తాయి. వీళ్లు పొడవు కన్నా ముందు చూడాల్సింది హంప్, అంటే వీపు మీద అన్నిటికన్నా ఎత్తైన చోటు, ఎక్కడుందన్నది. అది వెనక్కి ఉంటే అరచేతి కింది భాగాన్ని నింపుతుంది. మధ్యలో ఉంటే అరచేతి గుంటలోకి పొడుచుకొస్తుంది. పొడవు ఒకటే అయినా ఈ రెండు రకాల మౌస్‌లూ చేతికి వేరువేరుగా ఉంటాయి. నేను క్లా గ్రిప్ మనిషిని, వెనక హంప్ ఉన్నదే నాకు ఇష్టం. నా సలహాల్లో ఆ మొగ్గు కనిపిస్తే మీ గ్రిప్‌కు తగ్గట్టు మార్చుకోండి.

అరచెయ్యి మొత్తం ఆనించే పామ్ గ్రిప్ వాళ్లకు, చెయ్యి మరీ చిన్నదైతే తప్ప, ఈ పాఠాల్లోని మౌస్‌లు సరిపడవు.

ఇక వెడల్పు. నాకు బాగా చిరాకు తెప్పించే విషయం ఇది, కాబట్టి నిదానంగా చెబుతాను. పెట్టె మీది వెడల్పు చాలాసార్లు మౌస్‌లో అన్నిటికన్నా వెడల్పైన చోటిది. అది ముందు బటన్ల దగ్గరో, వెనక పిరుదుల దగ్గరో ఉంటుంది. మీ బొటనవేలు, ఉంగరం వేలు ఆ రెండు చోట్లా ఉండవు. అవి పట్టుకునేది నడుము దగ్గర, అంటే మధ్యలో పక్కలు లోపలికి వంగిన చోట. పోయినసారి మీకు 5.4 అని వచ్చిన లెక్క ఆ నడుముకు. దాన్ని తీసుకెళ్లి పెట్టె మీది అంకెతో పోల్చారు కాబట్టే ఏదీ సరిపోలేదు. పైగా కంపెనీలన్నీ ఒకే చోట కొలవవు. వైపర్ మినీకి 53.5 మిల్లీమీటర్లు అని ఇస్తారు, అది పట్టుకునే చోటి కొలత. జీ305కు ఇచ్చే 62.15 అన్నిటికన్నా వెడల్పైన చోటిది. కాగితం మీద ఈ రెంటికీ దాదాపు 9 మిల్లీమీటర్ల తేడా ఉన్నట్టుంది. చేతిలోకి తీసుకుంటే అంత తేడా ఉండదు.

సరే, మనమే కొలుద్దామంటే అక్కడా జారిపడే చోట్లున్నాయి. మౌస్‌ను రెండు పుస్తకాల మధ్య బిగించి, మధ్య దూరం కొలిస్తే మళ్లీ పెద్ద వెడల్పే వస్తుంది. పుస్తకం అంచు తిన్నగా ఉంటుంది, అది ముందూ వెనకా ఉన్న ఉబ్బులకు తగులుతుంది కానీ లోపలికి వంగిన నడుమును తాకదు. కాగితం మీద పెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీసినా పని జరగదు. కొన్ని మౌస్‌ల పక్కలు కిందికి వచ్చేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి. పెన్సిల్ పైభాగానికి తగిలి నిలబడితే గీత బయటికి పడుతుంది, కిందికి వాలితే లోపలికి పడుతుంది. టేపును వీపు మీదుగా చుట్టి కొలిచినవాళ్లకైతే వచ్చింది వంపు పొడవు. అది వెడల్పు కానే కాదు.

రెండు పెన్సిళ్లతో ఇలా చేయండి. మౌస్‌ను మామూలుగా పట్టుకుని, బొటనవేలు ఆనిన చోట చిన్న టేపు ముక్క అంటించండి. పెన్సిళ్లను మౌస్‌కు చెరో పక్కన, ఒకే సరళరేఖలో, మొండి కొసలు మౌస్ వైపు ఉండేలా పడుకోబెట్టండి. బల్ల మీద నేరుగా పెడితే అవి మరీ కింద తగులుతాయి. కింద నోట్‌బుక్కులు పెట్టి వేళ్లు ఆనే ఎత్తుకు లేపండి. టేపు ముక్క దగ్గర ఒక కొస, దానికి ఎదురుగా రెండో కొస తాకాలి. ఇప్పుడు మౌస్‌ను తియ్యకుండానే ఒక పెన్సిల్ బయటి కొస నుంచి రెండో దాని బయటి కొస దాకా కొలిచి, రెండు పెన్సిళ్ల పొడవూ తీసేయండి. మొత్తం 40.6 సెంటీమీటర్లు వచ్చి, పెన్సిళ్లు ఒక్కోటి 17.5 అయితే, నడుము 5.6. దీన్ని మీ 5.4తో పోల్చండి. 2 మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటే నేను పట్టించుకోను.

ఎక్కువ తేడా ఉంటే చెయ్యే చెబుతుంది. నడుము మరీ సన్నగా ఉంటే వేళ్లు ముడుచుకుపోతాయి, బొటనవేలి మొదట్లో అలసట మొదలవుతుంది, చిటికెన వేలు ప్యాడ్ మీద ఈడ్చుకుపోతుంది. మరీ వెడల్పైతే ఎత్తేటప్పుడు గట్టిగా నొక్కి పట్టాల్సి వస్తుంది. ఆ నొక్కుడుకే పక్క బటన్ పడుతుంటే, చాలామంది బటన్ చెడ్డదనుకుంటారు. చూడాల్సింది ముందు వెడల్పును.

బరువు గురించి ఒక్క మాట. చిన్నదంటే తేలికైనదని కాదు. జీ305 పొడవులో చిన్నదే, ఏఏ బ్యాటరీతో కలిపి 99 గ్రాములు. అదే కంపెనీ జీ ప్రో ఎక్స్ సూపర్‌లైట్ పొడవు 125 మిల్లీమీటర్లు, బరువు 63 గ్రాముల లోపే. ఓరోచి వీ2కు చెప్పే 60 గ్రాముల లోపు అన్న అంకెలో బ్యాటరీ కలపలేదు. మామూలు ఆల్కలైన్ ఏఏ బ్యాటరీ 23 గ్రాముల దాకా ఉంటుంది, ఏఏఏ అందులో సగం. ఓరోచిలో రెంటిలో ఏదైనా వేసుకోవచ్చు, నేనైతే ఏఏఏ వేస్తాను. జీ305లో లిథియం ఏఏ వేస్తే దాదాపు 8 గ్రాములు తగ్గుతుంది. బ్యాటరీ వెనక భాగంలో ఉంటుంది కాబట్టి ఆ తగ్గుదల తోక దగ్గర తెలుస్తుంది. మౌస్‌ను నడుము దగ్గర రెండు వేళ్లతో ఎత్తి చూడండి. తోక ముందు వాలిపోతుంటే ఫింగర్‌టిప్ వాళ్లకు అది రోజంతా పని పెడుతుంది.

కదలికను పసిగట్టే సెన్సర్, మౌస్ జరిపితే స్క్రీన్ మీద గుర్తు ఎంత జరగాలో చెప్పే డీపీఐ, వీటి జోలికి వెళ్లను. పేరున్న గేమింగ్ మౌస్‌లలో సెన్సర్ బాగానే ఉంటుంది, డీపీఐ గరిష్ఠం 8,500కీ 25,000కీ తేడా మీ చేతికి తెలియదు.

ఇప్పుడు తయారీ నాణ్యత. చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. వీల్ కొద్దిగా కదిలిన చప్పుడు మామూలే, లోపల ఏదో దొర్లుతున్నట్టుంటే తీసుకోవద్దు. తర్వాత పక్కలు నొక్కండి. ఆటలో ఎత్తేటప్పుడు పట్టుకునేంత బలం చాలు. బలమంతా పెట్టి నొక్కితే తేలికపాటి ప్లాస్టిక్ ఏదైనా వంగుతుంది, దాన్నిబట్టి నాసిరకం అనేయడం తప్పు. మామూలు పట్టుకే కిర్రుమన్నా, పక్క వంగి బటన్ పడినా అది లోపమే.

ఎడమ, కుడి బటన్లను ముందు కొస దగ్గరా, వీల్ పక్కనా, వెనకగా కూడా నొక్కి చూడండి. చిన్న మౌస్‌లో వేళ్లు మడిచి పట్టుకుంటాం కాబట్టి వేలు వెనకగా పడుతుంది. కొసన తేలిగ్గా పడే బటన్ అక్కడ గట్టిబడిపోవచ్చు. డబుల్ క్లిక్ జబ్బును, అంటే ఒక్క నొక్కు రెండుగా పడడాన్ని, పట్టుకోవడానికి ఒక ఫోల్డర్ మీద నెమ్మదిగా, విడివిడిగా క్లిక్ చేయండి. ఒక్క నొక్కుకే తెరుచుకుంటే లోపలి రేకులు సరిగ్గా కలవడం లేదు. ఒక ఫైల్‌ను పట్టుకుని స్క్రీన్ అంతా తిప్పండి, మధ్యలో జారవిడిచినా అదే జబ్బు. వైపర్ మినీలో ఉన్నట్టు ఆప్టికల్ స్విచ్‌లైతే, అక్కడ క్లిక్‌ను గుర్తించేది కాంతి. లోహపు రేకుల కలయిక మీద ఆధారపడవు కాబట్టి ఈ రకం డబుల్ క్లిక్ బాధ ఉండదు. అందుకే నేను వాటి వైపే మొగ్గుతాను.

అభ్యాసం. ఈసారి శ్రమ ఎక్కువే, తగ్గించుకోవద్దు. ముదురు రంగు మౌస్ ఉన్నవాళ్లు అరచేతికి, వేళ్లకు టాల్కం పౌడర్ పలచగా రాసుకుని, ఆట ఆడేటప్పుడు పట్టుకున్నట్టే పట్టుకుని వదలండి. తెల్లగా అంటిన చోట్లు మీ స్పర్శ పటం. దాన్ని ఫోటో తీసి వెంటనే మెత్తటి గుడ్డతో తుడవండి. పైన చిల్లులున్న తేలికపాటి షెల్ అయితే ఇది చేయకండి, పొడి లోపలికి పోతుంది. తర్వాత వారం రోజులు అదే మౌస్‌తో, డీపీఐ మార్చకుండా ఆడండి. ప్రతిసారీ ఆట ముగియగానే ఎక్కడ నొప్పి, ఎక్కడ చెమట, ఏ వేలు ఈడ్చుకుపోయింది అన్నవి రాసిపెట్టుకోండి. వారం చివర మళ్లీ పౌడర్‌తో ఇంకో ఫోటో. మొదటి ఫోటోకూ రెండోదానికీ పట్టు జరిగి ఉంటే, రెండోదాని ప్రకారం టేపు ముక్క మార్చి నడుము మళ్లీ కొలవండి. ఆ కొత్త కొలత లేకుండా 4వ పాఠం మొదలుపెట్టవద్దు, అక్కడ పక్క బటన్లు, స్క్రోల్ వీల్ చూసేటప్పుడు ముందుగా అడిగేది దాన్నే.