కొత్తగా టీమ్ లీడ్ అయినవారు సమయాన్ని చూసుకోవలసిన తీరు

మాదాపూర్‌లోనో, గచ్చిబౌలిలోనో, నానక్‌రామ్‌గూడలోనో ఉద్యోగం చేస్తూ ఈ ఏడాది మొదటిసారిగా టీమ్ లీడ్ బాధ్యత అందుకున్నవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. నిన్నటివరకు మీరు ఆలస్యం చేస్తే మీ పని ఒక్కటే ఆలస్యమయ్యేది. ఇకమీదట మీ దగ్గర ఆగిన ప్రతి చిన్న విషయం వెనుక ఒక మనిషి ఆగి ఉంటారు. ఒకరు ఆమోదం కోసం, ఒకరు సందేహానికి జవాబు కోసం, మరొకరు క్లయింట్‌కు పంపవలసిన మెయిల్ మీద మీ మాట కోసం చూస్తుంటారు. ఆరుగురున్న బృందంలో ముగ్గురు పూటంతా మీ కోసం ఆగిపోతే, ఆ పూట మీరు తల ఎత్తకుండా పనిచేసినా బృందానికి నష్టమే మిగులుతుంది. అందువల్ల నాయకత్వంలో ఉన్నవారి సమయపాలనకు నేను ఒకే కొలత పెట్టుకుంటాను: మీ కోసం ఇతరులు ఎదురుచూసే సమయం వారం వారం తగ్గుతోందా, పెరుగుతోందా?

ముందు ఎదురుచూపులు తీర్చండి

ఉదయం సీట్లో కూర్చోగానే నోట్‌బుక్ పేజీని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఒకవైపు మీరు స్వయంగా చేయవలసిన పనులు, మరోవైపు మీ నుంచి ఇతరులకు అందవలసినవి రాయండి. రెండో వైపున్న వాటిలో చాలావరకు పది నిమిషాల్లో తేలిపోయేవే అయినా, మూడు గంటల నివేదిక ఒకటి ముందు పెట్టుకున్నామన్న కారణంతో సాయంత్రం దాకా నానుతూ ఉంటాయి. వాటిని ముందు తీర్చేయండి. వెంటనే తీర్చలేని దానికి "చూస్తాను" అని బదులివ్వకండి. "రేపు పదకొండింటికి చెబుతాను" అంటే అవతలివారు ఈలోగా మరో పని మొదలుపెట్టుకోగలరు.

అలాగని రోజంతా తలుపు తెరిచి కూర్చోవడం కూడా సరికాదు. ఉదయం పదకొండింటికి అరగంట, మధ్యాహ్నం నాలుగింటికి అరగంట ఎవరైనా నేరుగా వచ్చి అడగవచ్చని బృందానికి చెప్పి, అత్యవసరమైతే తప్ప మిగతా సమయంలో పిలవవద్దని కోరండి. ఈ రెండు అరగంటలను మీరు కచ్చితంగా పాటిస్తేనే వాళ్లూ పాటిస్తారు.

ఈ నగరపు గడియారం

హైదరాబాద్‌లో సమయపాలన గురించి మాట్లాడేటప్పుడు మన క్లయింట్లు ఉండే అమెరికా గడియారాన్ని పక్కన పెట్టలేము. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కు జరుపుతారు. మనం జరపము. అందువల్ల న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది గంటలంటే వేసవి నెలల్లో మనకు సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. కాలిఫోర్నియా తొమ్మిది గంటలైతే మనకు రాత్రి తొమ్మిదిన్నర లేదా పదిన్నర. ఈ మార్పు వచ్చే రెండు ఆదివారాలను ఏడాది మొదట్లోనే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోకపోతే, ఆ మరుసటి సోమవారం బృందంలో సగం మంది కాల్‌లో ఉండి మిగతా సగం ఇంకా దారిలోనే ఉంటారు.

రాత్రి కాల్స్ తప్పనివారికి నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. పదిన్నరకు కాల్ ముగించిన మనిషిని మర్నాడు తొమ్మిదింటికి మీటింగుకు పిలవకండి. వారంలో ఏ రెండు రోజులు రాత్రి కాల్స్ ఉంటాయో ముందే తేల్చి, వాటిని ఒకే మనిషి మీద వేయకుండా వంతులవారీగా పంచండి. ఆ వంతుల్లో మీ పేరు కూడా ఉండాలి. అమెరికా నిద్రపోయే ఉదయపు గంటలు మనకు దొరికే నిశ్శబ్ద సమయం కాబట్టి, లోతుగా ఆలోచించవలసిన పనులను, మీవైనా బృందానివైనా, ఆ గంటల్లోనే పెట్టుకోండి.

బృందంలోని మనుషుల క్యాలెండర్ కూడా చూడాలి. మార్చిలో ఇక్కడ సూర్యాస్తమయం దాదాపు ఆరున్నరకు అవుతుంది. రంజాన్ ఆ నెలలో వచ్చిన ఏడాది, అమెరికా గడియారం ముందుకు జరిగాక, ఉపవాసం ఉన్న సహోద్యోగికి ఇఫ్తార్ సమయమూ న్యూయార్క్ కాల్ సమయమూ ఒక్కటే అవుతాయి. ఆ కాల్‌ను అరగంట జరపమని క్లయింట్‌ను అడగడం లీడ్ పని. ఆ సహోద్యోగి నోరు తెరిచి అడిగేదాకా ఆగకూడదు. సంక్రాంతికి కోస్తా జిల్లాలకు వెళ్లేవారు, బతుకమ్మకు, దసరాకు సొంతూళ్లకు వెళ్లేవారు బృందంలో ఎవరెవరో నెల ముందే కనుక్కుని, ఆ వారాల్లో డెలివరీ గడువు పడకుండా చూసుకోండి. వానాకాలంలో ఐటీ కారిడార్ పరిస్థితి వేరే చెప్పనక్కరలేదు. 2023 జూలైలో భారీ వర్షాలు పడినప్పుడు కంపెనీలు దశలవారీగా ఉద్యోగులను ఇళ్లకు పంపాలని సైబరాబాద్ పోలీసులే సూచించారు. మబ్బు పట్టిన రోజు సాయంత్రం ఐదింటికి ముఖాముఖి సమీక్ష పెట్టడం ఎవరికీ మేలు చేయదు.

పని అప్పగించడం

కొత్త లీడ్‌లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. "నేను చేస్తే ఇరవై నిమిషాలు, చెప్పి చేయిస్తే రెండు గంటలు" అన్న లెక్క మొదటిసారికి నిజమే. ప్రతి నెలా వచ్చే పనికి ఆ లెక్క కొన్ని నెలల్లోనే తిరగబడుతుంది. అయితే అప్పగించడమంటే మెయిల్ ఫార్వర్డ్ చేసి చేతులు దులుపుకోవడం కాదు. ఒక లీడ్ తన బృందంలోని జూనియర్‌కు నెలవారీ నివేదిక అప్పగిస్తున్న సందర్భం చూడండి.

"ఈ నెల నుంచి నివేదిక మీరు చూసుకోండి. అటువైపు దాన్ని చదివేది వాళ్ల ఫైనాన్స్ మేనేజర్. ఖర్చు ఎందుకు పెరిగిందో చెప్పే రెండు పేరాలే ఆవిడకు ముఖ్యం. గురువారం సాయంత్రం నాకు ఒకసారి చూపించండి, సగమే అయినా పర్వాలేదు. పట్టికలు ఎలా అమర్చాలన్నది మీ ఇష్టం. తేదీ మార్చాలన్నా, కొత్తగా ఏదైనా ఒప్పుకోవాలన్నా మాత్రం ముందు నాతో మాట్లాడండి."

"సరే సార్. పాత నివేదికలో లెక్క తేడా కనిపిస్తే?"

"అప్పుడు గురువారం దాకా ఆగకండి. వెంటనే ఫోన్ చేయండి."

పని ఎవరికోసమో, వారికి ఏది ముఖ్యమో, సగంలో ఎప్పుడు చూపించాలో, ఎంతవరకు సొంతంగా నిర్ణయించుకోవచ్చో ఈ నాలుగు మాటల్లో తేలిపోయాయి. సగంలో చూడటం అన్నిటికన్నా ముఖ్యమని నా నమ్మకం. పూర్తయ్యాక తప్పు చెబితే అవతలివారి శ్రమంతా వృథా అవుతుంది, సగంలో చెబితే దారి మాత్రమే మారుతుంది. చివర్లో "అర్థమైందా?" అని అడగకండి. మన ఆఫీసుల్లో దానికి "అర్థమైంది సార్" అన్నది తప్ప మరో జవాబు రాదు. "ఎక్కడి నుంచి మొదలుపెడతారు?" అని అడిగితే, ఎంత అర్థమైందో వారి జవాబులోనే తెలిసిపోతుంది.

తిరిగి వచ్చిన పనిలో లోపాలుంటే రాత్రి కూర్చుని మీరే సరిదిద్దకండి. అలా రెండుసార్లు చేస్తే, చివరికి ఎలాగూ లీడ్ చూసుకుంటారన్న ధీమా బృందానికి వస్తుంది. లోపాలను గుర్తుపెట్టి, కారణం చెప్పి, తిరిగి వారికే ఇవ్వండి.

వయసులో మీకన్నా పెద్దవారు మీ బృందంలో ఉంటే, నిర్ణయానికి ముందు వారి సలహాను విడిగా అడగండి. నిర్ణయం తీసుకున్నాక మాత్రం గౌరవంగానే, తటపటాయింపు లేకుండా చెప్పండి. నిన్నటిదాకా "ఏరా" అని పిలుచుకున్న స్నేహితుడికి పని పంచేటప్పుడు అందరికీ పెట్టిన గడువే పెట్టండి. అతనికి మాత్రమే ఇచ్చిన సడలింపును మిగతావాళ్లు ఆ రోజే గమనిస్తారు.

గడువులు, మీటింగులు

ఎంత అనుభవం ఉన్నా మనుషులు తమ పనికి పట్టే సమయాన్ని తక్కువగా అంచనా వేస్తారని డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే వివరించారు. కాబట్టి "ఎన్ని రోజులు పడుతుంది?" అన్న ప్రశ్నకు మనసుకు తోచిన అంకె చెప్పకండి. ఇలాంటి పనులు ఇంతకుముందు చేసినప్పుడు నిజంగా ఎన్ని రోజులు పట్టాయో పాత రికార్డులు తీసి చూసి, ఆ అంకె చెప్పండి. క్లయింట్ ఇంకా ముందు కావాలంటే, "ఆ తేదీకి ఈ రెండు భాగాలు ఇవ్వగలం, మూడోది ఆ తర్వాతి వారం" అనండి. ఒప్పుకుని తప్పడం కన్నా ముందే తేల్చి చెప్పడంలో మర్యాద ఎక్కువ.

మీటింగుల గురించి ఎక్కువ చెప్పను. ఏ నిర్ణయం కోసమో ఒక వాక్యంలో రాయలేకపోతే ఆ మీటింగును పిలవకండి. గంటకు బదులు అరగంటే పెట్టండి.

చెడ్డ వార్త త్వరగా చేరేలా చూడండి

బృందం సమయాన్ని అన్నిటికన్నా ఎక్కువగా తినేది దాచిపెట్టిన సమస్య. సోమవారం తెలిస్తే ఒక పూటలో సర్దుకునేది శుక్రవారం రాత్రి బయటపడితే శని, ఆదివారాలు రెండూ పోతాయి. తిట్లకు భయపడే మనుషులు సమస్యను దాస్తారు. ఇక్కడ శ్రీహరికోట ఉదంతం నాకు ఎప్పుడూ దారి చూపుతుంది. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 రాకెట్ తొలి ప్రయోగం విఫలమైనప్పుడు ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధావన్ విలేకరుల ముందు తానే నిలబడి బాధ్యత తీసుకున్నారు. 1980 జూలై 18న ప్రయోగం విజయవంతమైనప్పుడు విలేకరులతో మాట్లాడే అవకాశాన్ని ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలామ్‌కు ఇచ్చారు. ఈ విషయాన్ని కలామ్ గారే చాలాసార్లు చెప్పారు. తప్పు జరిగినప్పుడు లీడ్ తమ ముందు నిలబడతారన్న నమ్మకం ఉన్న బృందం సోమవారమే నోరు విప్పుతుంది.

అందుకే ఎవరైనా చెడ్డ వార్త తెచ్చినప్పుడు "ఎవరు చేశారు?" అని మొదలుపెట్టకండి. "ఇప్పుడు ఏం ఆగిపోయింది, నా నుంచి ఏం కావాలి?" అని అడగండి. కారణాల చర్చ మర్నాడు చేసుకోవచ్చు.

బృందంలోని ప్రతి ఒక్కరితో రెండు వారాలకొకసారి అరగంట విడిగా కూర్చోండి. పని లెక్కలు వేరే చోట ఎలాగూ తెలుస్తాయి కాబట్టి, ఆ సమయంలో వారికి ఏది అడ్డంగా ఉందో, ఏది నేర్చుకోవాలని ఉందో అడిగి, చెప్పింది రాసుకోండి. మరోసారి కూర్చున్నప్పుడు ఆ నోట్స్ తోనే మొదలుపెట్టండి. క్లయింట్ కాల్ వచ్చి ఆ అరగంటను రద్దు చేయవలసి వస్తే, అదే వారంలో మరో రోజు, మరో సమయం అప్పటికప్పుడే ఖాయం చేసి చెప్పండి.