రాత్రి కాపలాకి టార్చిలైటు: డబ్బా మీద అంకెని నమ్మొచ్చా?

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా ఉండేవాళ్లకి టార్చిలైటు సరదా వస్తువు కాదు. నీళ్లలో గాలి కలిపే ఏరేటరు తిరుగుతోందా, చెక్ ట్రేలో మేత మిగిలిందా, గట్టు మీద అడుగు వేసేచోట రక్తపింజరి ఉందా, అన్నీ దానితోనే చూడాలి. డబ్బా మీద '2000 ల్యూమెన్లు (లైటు ఇచ్చే మొత్తం వెలుగుకి కొలత), 8 గంటలు' అని చదివి కొన్నది, సరిగ్గా నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే తెల్లవారుజామున మిణుకుమంటే ఒళ్లు మండుతుంది. తిట్టేముందు తేడా ఎక్కడుందో తేల్చుకోండి.

సమస్య: వెయ్యగానే పట్టపగలులా ఉంది, కాసేపటికే తగ్గింది

కారణం చాలాసార్లు వేడి. ఎల్‌ఈడీ, సెల్ పాడవకుండా లోపలి సర్క్యూటే కరెంటు తగ్గిస్తుంది. టార్చిలైట్ల కొలతలకి పెట్టిన ఎఫ్ఎల్1 అనే ప్రమాణం ప్రకారం ల్యూమెన్లు కొలిచేది లైటు వేసిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపే. కాబట్టి డబ్బా మీది అంకె అబద్ధం కాకపోవచ్చు, ఆ రెండు నిమిషాలకి నిజం.

లైటు ఆపి, బాగా చల్లారనిచ్చి మళ్లీ వెయ్యండి. మొదటంత వెలుగు వస్తే రిపేరేమీ అక్కర్లేదు, మీడియం మోడ్‌లో వాడుకోండి. వెలుగు సగమైనా కంటికి సగమైనట్టు అనిపించదు. రాకపోతే కింద చూడండి.

సమస్య: చెప్పిన గంటల్లో సగం కూడా రావట్లేదు

అసలు తిరకాసు ఇక్కడే. ఎఫ్ఎల్1 లో రన్‌టైమ్ అంటే మొదటి వెలుగులో 10 శాతానికి పడిపోయేదాకా పట్టే సమయం. 1000 ల్యూమెన్ల లైటు 100కి దిగేవరకూ గడియారం నడుస్తూనే ఉంటుంది. ఆ ప్రమాణం పేరే లేని డబ్బా అయితే ఎవరికి తోచిన లెక్క వాళ్లది.

మీరే లెక్క కట్టండి. మామూలు 18650 సెల్ (టార్చీల్లో వాడే రీచార్జబుల్ లిథియం సెల్) 3000 ఎంఏహెచ్ (అందులో పట్టే చార్జికి కొలత), 3.6 వోల్టులు అనుకుంటే దాంట్లో ఉన్నది 10.8 వాట్-అవర్లు, అంటే ఒక వాటు చొప్పున వాడితే 10.8 గంటలు. వాటుకి 100 ల్యూమెన్లు వస్తాయనుకున్నా 1000 ల్యూమెన్లతో గంట, 100 ల్యూమెన్లతో దాదాపు పదకొండు గంటలు. అదే 2000 ల్యూమెన్లు తగ్గకుండా 8 గంటలు వెలగాలంటే అలాంటి సెల్స్ 15 దాకా కావాలి. టార్చికి బదులు సంచీ మోయాలి.

సెల్ మీద కూడా కన్నెయ్యండి. పేరున్న కంపెనీల 18650 లు సుమారు 3500 ఎంఏహెచ్ దగ్గర ఆగుతాయి. కొన్నిటి మీద 9900 అని అచ్చు వేసి ఉంటుంది, వేసినవాడి ధైర్యానికి దండం పెట్టాలి. తెలిసిన బంగారం కొట్లో తూకం వేయించండి: అసలు సెల్ 45 గ్రాములకి అటూఇటూ ఉంటుంది. 30 గ్రాములే తూగితే సెల్ మార్చడమే దారి. పాత ల్యాప్‌టాప్‌లోంచి పీకిన సెల్స్ మాత్రం పెట్టకండి, అంటుకునే ప్రమాదం ఉంది.

తూకం సరిపోయినా అనుమానం తీరకపోతే చీకటి గదిలో లైటుని పైకప్పు వైపు నిలబెట్టి, ఆండ్రాయిడ్ ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ (లక్స్ అంటే ఒకచోట పడే వెలుగుకి కొలత) తెరిచి పక్కన కదలకుండా పెట్టండి. 30 సెకన్లకి వచ్చిన అంకె రాసుకుని, తర్వాత పది నిమిషాలకోసారి చూడండి. ఫోన్ చెప్పే లక్స్ ల్యూమెన్లు కావు, కచ్చితమూ కాదు. కానీ మొదటి అంకె 200 ఉండి 20కి ఎప్పుడు దిగిందో చూస్తే మీ రన్‌టైమ్ తేలిపోతుంది.

సమస్య: 400 మీటర్లన్నారు, అవతలి గట్టు మీద మనిషి ఆనట్లేదు

ఎఫ్ఎల్1 లెక్కలో ఆ దూరాన పడే వెలుగు 0.25 లక్స్, అంటే పున్నమి వెన్నెలంత. సగం దూరంలో దానికి నాలుగింతలు పడుతుంది. అందుకే రాసినదాంట్లో సగమే లెక్కేసుకుని కొనండి.

సమస్య: కొత్తలో బాగుండేది, ఇప్పుడు మసక

అంతర్వేది వైపు ఉప్పుగాలికి స్ప్రింగు, మూత మరలు చిలుం పడతాయి. చాలా టార్చీల్లో కరెంటు మరల గుండానే వెళ్తుంది. స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడిచి, రబ్బరు రింగుకి సిలికాన్ గ్రీజు రాయండి. పెట్రోలియం గ్రీజు రాస్తే కొన్ని రకాల రబ్బరు ఉబ్బుతుంది.

ఇవన్నీ చూశాక కూడా లెక్క కుదరకపోతే లోపం అమ్మినవాడిదే. డబ్బా, బిల్లు, సెల్ తూకం, లక్స్ అంకెలు కనబడే వీడియో దగ్గర పెట్టుకుని ముందు షాపుని, తర్వాత కంపెనీని అడగండి. 'వెలుగు తక్కువగా ఉంది' అనకండి, 'రన్‌టైమ్ ఏ ప్రమాణం ప్రకారం కొలిచారు' అని రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.