సెకండ్ లైఫ్‌లో కొత్త కాపురం: ఇరుగుపొరుగు, నేల, ఇల్లు

సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ 3డీ ప్రపంచంలో అకౌంట్ తెరిచిన మొదటి వారంలోనే ఇల్లు కొనకండి. ఇక్కడ ఇల్లు లేదని వానకు తడిసేదీ లేదు, చలికి వణికేదీ లేదు. కొత్తవాళ్లలో చాలామంది మార్కెట్‌ప్లేస్‌లో బొమ్మ బాగుందని ఒక మేడ కొనేసి, తర్వాత దానికి నేల వెతుక్కుంటారు. నేల దొరికాక మేడ అందులో పట్టదు. పట్టినా, ఆ నేలలో ఎన్ని వస్తువులు పెట్టవచ్చన్న లెక్కలో లోపల కుర్చీ వేసుకోవడానికి కూడా మిగలదు. ఈ వరుసను తిరగేయండి. ముందు చుట్టుపక్కల ఎవరున్నారో చూడండి, తర్వాత నేల, ఆ తర్వాతే ఇల్లు.

నేల సంగతి

ఒక రీజియన్ (ఇక్కడి నేలలో ఒక చదరపు ముక్క) అంటే 256 మీటర్ల పొడవు, 256 మీటర్ల వెడల్పు, అంటే 65,536 చదరపు మీటర్లు. దీన్ని పార్సిళ్లుగా, అంటే స్థలాలుగా, విడగొడతారు. కొత్తవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేవి 512 (16 × 32 మీటర్లు), 1024 (32 × 32 మీటర్లు).

ఉండటానికి మూడు దారులున్నాయి. ప్రీమియం సభ్యత్వం తీసుకుంటే 1024 చదరపు మీటర్ల వాటా దానితోనే వస్తుంది. ఆ వాటాను లిండెన్ హోమ్ (సెకండ్ లైఫ్‌ను నడిపే లిండెన్ ల్యాబ్ ఇచ్చే ఇల్లు) కింద వాడుకోవచ్చు, లేదా మెయిన్‌ల్యాండ్‌లో, అంటే ఆ సంస్థ నడిపే ఖండాల్లో, సొంత నేలకు వాడుకోవచ్చు. 1024 పార్సిల్ ఉన్న ఇల్లు తీసుకుంటే రెండింటికీ సరిపోదు. మూడోది ప్రైవేట్ ఎస్టేట్‌లో, అంటే వేరే యజమాని చేతిలో ఉన్న నేలలో, అద్దెకు ఉండటం. దానికి ప్రీమియం అక్కర్లేదు, ఇక్కడి డబ్బైన లిండెన్ డాలర్లు చాలు.

కొత్తవాళ్లకు మా సలహా లిండెన్ హోమే. 2019లో మొదలైన బెల్లిసేరియా ఖండంలో హౌస్‌బోట్లు, విక్టోరియన్ ఇళ్లు, లాగ్ ఇళ్లు, నీళ్ల మీద నిట్రాళ్లపై నిలబెట్టిన ఇళ్లు... ఇలా రకానికో పేట ఉంది. ఇంటితో వచ్చే కంట్రోలర్‌ను నొక్కి ఆ రకంలోనే వేరే నమూనాకు మారవచ్చు. ఇల్లు మీ లెక్కలోకి రాదు కాబట్టి 1024 పార్సిల్‌కు ఉండే 351 సామర్థ్యమూ (వస్తువులు పెట్టుకునే లెక్క, వివరం కింద ఉంది) సామానుకే మిగులుతుంది. ఇబ్బంది ఒక్కటే, నేలను ఎత్తడం, తవ్వడం కుదరదు. ఇల్లు నచ్చకపోతే వదిలేసి ఇంకోటి తీసుకోవచ్చు. వదిలే ముందు సామానంతా మీ చేతులతోనే ఇన్వెంటరీలోకి, అంటే మీ వస్తువుల సంచిలోకి, తీసుకోండి.

అద్దెకు వెళ్లేవాళ్లు మొదటిసారి ఒక్క వారానికే కట్టండి. నిబంధనల కాగితాన్ని, అంటే కవనెంట్‌ను, డబ్బు కట్టకముందే చదవండి. గడువు దాటితే ఎన్ని గంటలు ఆగుతారు, సామాను వెనక్కి ఎలా పంపుతారు, ఆకాశంలో గది కట్టుకోవచ్చా అన్నవి అందులో వెతకాల్సినవి. ప్రైవేట్ ఎస్టేట్‌లో నేల ‘కొన్నారు’ అని రాసి ఉన్నా, అసలు పెత్తనం ఎస్టేట్ యజమానిదే. కాగితం మీది ఆ మాటకు మోసపోయి పెద్ద మొత్తం పెట్టకండి.

ఏ దారి ఎంచుకున్నా, ఆ చోటికి రెండు మూడు వేర్వేరు వేళల్లో వెళ్లి కాసేపు నిలబడండి. పక్క పార్సిల్‌లో డ్యాన్స్ క్లబ్ ఉంటే పగలు ఖాళీగా కనబడి, రాత్రి నలభై మంది చేరి రీజియన్ మొత్తం నత్తనడక నడుస్తుంది. ఇక్కడి అధికారిక సమయం అమెరికా పసిఫిక్ సమయమే. సందడి వేళలను ఆ గడియారంతోనే లెక్కేసుకోండి.

అసలు ఖర్చు డబ్బు కాదు

ఇక్కడ ఇంటి బడ్జెట్ అంటే ల్యాండ్ ఇంపాక్ట్, అంటే ఒక్కో వస్తువు మీ నేల సామర్థ్యంలో తినే వంతు. పాతవాళ్లు ఇప్పటికీ ‘ప్రిమ్స్’ (కట్టడానికి వాడే పెట్టె లాంటి మూల ఆకారాలు) అనే అంటారు. మెయిన్‌ల్యాండ్‌లో 512 పార్సిల్‌కు 175, 1024కు 351. ‘అబౌట్ ల్యాండ్’ తెరిచి ‘ఆబ్జెక్ట్స్’ ట్యాబ్‌లో చూస్తే మొత్తం ఎంత, ఎంత వాడారు అన్నది తెలుస్తుంది. సొంతంగా తెచ్చి పెట్టుకునే ఇల్లయితే దాని ఇంపాక్ట్ మొత్తంలో మూడో వంతు దాటకూడదన్నది మా లెక్క. ఉదాహరణకు 351లో ఇంటికి 115 పోతే, వంటగదికి 40, సోఫాలు, మంచాలు, బల్లలకు 80, చెట్లూ చేమలకు 70 వేసుకున్నా పండగ అలంకరణకు ఇంకా కాస్త చేతిలో ఉంటుంది.

మెష్ (బయటి 3డీ సాఫ్ట్‌వేర్‌లో చేసి తెచ్చిన) వస్తువుకు ఇంపాక్ట్ మూడు లెక్కల్లో ఏది ఎక్కువైతే అది: డౌన్‌లోడ్ (చూసేవాళ్లకు దిగే బరువు), ఫిజిక్స్ (ఢీకొనే ఆకారం), సర్వర్ (నడిపే యంత్రం మీద భారం). కొత్తవాళ్లను కంగారుపెట్టే వింతలన్నీ ఇందులోంచే పుడతాయి. చెట్టు బాగుందని రెట్టింపు సైజుకు లాగితే 4 ఉన్నది అమాంతం పెరిగిపోతుంది, ఎందుకంటే డౌన్‌లోడ్ లెక్క సైజుతో పాటే పెరుగుతుంది. పాతకాలపు ప్రిమ్ ఒక్కటి విడిగా 1 మాత్రమే. దాన్ని తీసుకెళ్లి మెష్‌తో లింక్ చేస్తే కొత్త లెక్క కిందికి వస్తుంది. అది మెలితిప్పిన ఉంగరం ఆకారంలో ఉందంటే ఫిజిక్స్ లెక్క వందల్లోకి కూడా పోవచ్చు. మందు తేలికే: ఎడిట్ విండోలో ‘ఫీచర్స్’ ట్యాబ్‌కు వెళ్లి ఆ ముక్క ఫిజిక్స్ షేప్‌ను ‘నన్’ చేయండి. లింక్ చేసిన వాటిలో రూట్ (మూల) ముక్కకు మాత్రం ‘నన్’ పెట్టనివ్వదు, దానికి ‘కాన్వెక్స్ హల్’ (గుంతలు పూడ్చిన బయటి ఆకారం) పెట్టాలి. రెండు పెట్టె ప్రిమ్‌లను లింక్ చేసి కాన్వెక్స్ హల్ పెడితే రెండూ కలిపి 1కి దిగుతాయి. ఈ చిట్కా గోడలకు, అరలకు బాగా పనికొస్తుంది. కానీ లోపల బోలుగా తొలిచిన పెట్టెకు, ద్వారబంధానికి పెట్టారంటే అది గట్టి దిమ్మెలా మారిపోతుంది. కంటికి ద్వారం తెరిచే ఉంటుంది, నడిస్తే మాత్రం ముక్కు కొట్టుకుంటుంది.

కొనే ముందు అనుమతులు చూడండి. కాపీ, మాడిఫై, ట్రాన్స్‌ఫర్ అని మూడు. ఇంటికీ ఫర్నిచర్‌కూ కాపీ, మాడిఫై రెండూ ఉండాలన్నది మా పట్టుదల. కాపీ లేని సోఫా పొరపాటున వెనక్కి వెళ్లి ఎక్కడో చిక్కుకుంటే అదొక్కటే సోఫా. మాడిఫై లేకపోతే పైన చెప్పిన చిట్కాలేవీ పనిచేయవు, గోడ రంగు కూడా మార్చలేరు.

ఇల్లు కెమెరాకు కట్టేది

మీరు ఈ ఇంటిని మీ అవతార్ కళ్లతో చూడరు, తల వెనక కొంచెం పైన తేలే కెమెరాతో చూస్తారు. అందుకే నిజం ఇంటి కొలతలు ఇక్కడ ఇరుకైపోతాయి. గోడకు వీపు పెట్టి నిలబడితే కెమెరా గోడ అవతలికి పోతుంది, మెట్లెక్కితే పైకప్పులో దూరుతుంది. పైకప్పు 4 మీటర్లకు తగ్గకుండా, గుమ్మం 3 మీటర్ల ఎత్తుతో ఉంటే సుఖం. మెట్ల దారి వెడల్పుగా, వంపులు తక్కువగా ఉండాలి. నిజం కొలతల ఇల్లే కావాలంటే కెమెరా ప్రీసెట్లలో మీ కెమెరాను కిందికి, దగ్గరికి దించుకోండి. మీ వరకు అది బాగానే ఉంటుంది, వచ్చే అతిథులు మాత్రం పైకప్పులోంచే చూస్తారు. కాబట్టి కొనే ముందు అమ్మేవారి షోరూమ్‌కు వెళ్లి, నిలబెట్టిన నమూనా ఇంట్లో గదిగదికీ నడిచి చూడండి. బొమ్మ చూసి తీసుకున్న ఇంట్లో మెట్ల దగ్గరే బండారం బయటపడుతుంది.

ఇల్లు రెజ్ చేసే (నేల మీద దింపే) ముందు ‘వరల్డ్’ మెనూలో ప్రాపర్టీ లైన్లు వేసుకోండి. యజమానుల రంగులు కూడా వేస్తే మీ నేల ఆకుపచ్చగా, పక్కవాళ్లది ఎర్రగా కనబడుతుంది. చూరు గానీ కొమ్మ గానీ ఎరుపులోకి దూరిందంటే దాన్ని వెనక్కి పంపే హక్కు పక్కవాళ్లకు ఉంటుంది. పెద్ద ఇళ్లు సాధారణంగా రెజ్‌బాక్స్‌తో, అంటే ఇంటి ముక్కలను సరైన చోట దింపే పెట్టెతో, వస్తాయి. పెట్టెను జరిపితే ఇల్లంతా దానితో జరుగుతుంది. మెనూలో ‘డన్’ లాంటిది నొక్కాక ఆ బంధం తెగిపోతుంది, కాబట్టి కిటికీలోంచి ఏం కనబడుతుందో కూడా చూసుకున్నాకే నొక్కండి. కొన్న సామాను పెట్టెలు విప్పడానికి శాండ్‌బాక్స్‌కు (ఎవరైనా వస్తువులు పెట్టి చూసుకునే నేలకు) వెళ్లండి. ఆ రకం నేలల్లో కొన్ని గంటల్లో ఆటో రిటర్న్ పడి వస్తువులు వెనక్కి పోతాయి, విప్పిన పెట్టెను అక్కడే మరచిపోకండి.

సొంతంగా కట్టే సరదా ఉంటే తలుపుతో మొదలుపెట్టండి. ప్రిమ్ తన నడిమధ్య చుట్టూ తిరుగుతుంది, తలుపేమో అంచు దగ్గర తిరగాలి. అందుకే పెట్టెను కావాల్సిన వెడల్పుకు రెట్టింపు చేసి, ‘పాత్ కట్’లో మొదలు 0.375, చివర 0.875 వేయండి. సగం పెట్టె మాయమవుతుంది, తిరిగే ఇరుసు మిగిలిన సగానికి అంచున నిలుస్తుంది. తలుపు స్క్రిప్ట్ వేసి చూడండి, బందు మీద తిరిగినట్టే తిరుగుతుంది. గోడకు టెక్స్‌చర్ (మీద అంటించే బొమ్మ) వేసేటప్పుడు ప్రతి ప్రయోగానికీ 10 లిండెన్ డాలర్లు పోయకుండా, టెక్స్‌చర్ ఎంచుకునే విండోలో ‘లోకల్’ను వాడండి. మీ కంప్యూటర్‌లోని బొమ్మ మీకు మాత్రమే కనబడుతుంది, కుదిరాకే అప్‌లోడ్ చేయండి. 1024 × 1024 టెక్స్‌చర్ ఒక్కటి గ్రాఫిక్స్ మెమరీలో 4 మెగాబైట్ల దాకా తింటుంది. గుండీ అంత గిన్నెకూ అదే సైజు వేసిన ఫర్నిచర్ చూస్తే, కొనకుండా తిరిగి వచ్చేయండి.

దీపాల దగ్గర రెండు తిప్పలు. మామూలు దీపం వెలుగుకు గోడ అడ్డు కాదు. పడకగది దీపం పక్క గదిలోనూ, ఒక్కోసారి పక్కింట్లోనూ వెలుగుతుంది. రేడియస్ తగ్గించడమే దారి. రెండోది, పీబీఆర్ (వెలుగును నిజంలా చూపే కొత్త పద్ధతి) వచ్చాక మెరిసే వస్తువులు ఇంట్లో ఉండి కూడా బయటి ఆకాశాన్ని ప్రతిఫలిస్తాయి, గది కూడా ఆకాశపు వెలుగుతో తెల్లబోయి ఉంటుంది. గది కొలతకు సరిపడా పెట్టె ప్రిమ్ పెట్టి, దాన్ని రిఫ్లెక్షన్ ప్రోబ్‌గా (ఆ గదికి సొంత ప్రతిబింబాన్ని ఇచ్చే వస్తువుగా) మార్చండి. గది లోపలి నీడ తిరిగి వస్తుంది.

ఆరుబయట

నేలను మలిచే వీలు మెయిన్‌ల్యాండ్‌లో ఎక్కువ చోట్ల పైకి 4, కిందికి 4 మీటర్లే. నీటిమట్టం సాధారణంగా 20 మీటర్ల దగ్గర ఉంటుంది. అంతకంటే కిందికి తవ్వితేనే చెరువు పుడుతుంది. కాబట్టి నీళ్లు కావాలంటే నేల ఎత్తు ముందే చూసి కొనండి. ఎత్తడమైనా తవ్వడమైనా సరిహద్దుకు రెండు మూడు మీటర్లు ఇవతలే ఆపి, ‘స్మూత్’ బ్రష్‌తో సాఫీ చేయండి, లేకపోతే పక్కింటివైపు కోసేసినట్టు గట్టు నిలబడుతుంది. చెడిపోతే ‘రివర్ట్’ ఉంది.

చెట్లలో ఆకులు కెమెరా తిప్పినప్పుడల్లా ముందువి వెనక్కి, వెనకవి ముందుకి గెంతుతుంటే అది మీ కంప్యూటర్ తప్పు కాదు. పారదర్శకమైన టెక్స్‌చర్లు ఒకదాని మీద ఒకటి పడినప్పుడు ఏది ముందు గీయాలో వ్యూయర్ (సెకండ్ లైఫ్‌ను చూపే సాఫ్ట్‌వేర్) తేల్చుకోలేదు. ఆల్ఫా మోడ్‌ను (పారదర్శకతను గీసే పద్ధతిని) ‘బ్లెండింగ్’ నుంచి ‘మాస్కింగ్’కు మార్చండి, ఆకు అంచు కాస్త బిరుసుగా కనబడినా గెంతడం ఆగుతుంది. తోటకు పది రకాల చెట్లు అక్కర్లేదు. ఒకటే చెట్టును మూడు సైజుల్లో, వేర్వేరు కోణాల్లో తిప్పి పెడితే అడవిలా ఉంటుంది, టెక్స్‌చర్లూ ఒక్కసారే దిగుతాయి. ఇక్కడి రోజు మామూలుగా నాలుగు గంటలే: మూడు గంటల పగలు, గంట రాత్రి. ఎప్పుడూ సాయంత్రమే కావాలంటే మీ పార్సిల్‌కు వేరే ఆకాశం పెట్టుకోవచ్చు.

మనుషులు

మామూలు చాట్ 20 మీటర్లు వినిపిస్తుంది, అరుపు 100 మీటర్లు. 1024 పార్సిల్ పక్కకు 32 మీటర్లే కాబట్టి మీ వరండాలో మాట్లాడుకునేది పక్కింటివాళ్లు చదువుతారని గుర్తుంచుకోండి. ‘అబౌట్ ల్యాండ్’లో, ఇతర పార్సిళ్లవాళ్లు ఇక్కడి అవతార్లను చూడవచ్చు, మాట్లాడవచ్చు అన్న టిక్కును తీసేస్తే బయటివాళ్లకు మీరు కనబడరు, మీ మాటా వినబడదు. శబ్దాలను మీ పార్సిల్ దాటనివ్వని టిక్కు కూడా ఉంది. చప్పుడు చేసే వస్తువులు పెట్టే అలవాటుంటే దాన్ని వేసేయండి.

ఈ రెండు టిక్కులు ఉండగా, వచ్చినవాళ్లను గెంటేసే సెక్యూరిటీ ఆర్బ్ ఎందుకో మాకు అంతుపట్టదు. పెట్టి తీరాలనుకుంటే గడువు ఇవ్వండి. బెల్లిసేరియా నిబంధనల్లో కనీసం 15 సెకన్ల హెచ్చరిక తప్పనిసరి. మెయిన్‌ల్యాండ్‌లో సున్నా సెకన్ల ఆర్బ్‌లు పెట్టేవాళ్లున్నారు. పైనుంచి విమానంలో పోయేవాడు హెచ్చరిక చదివేలోపే ఇంటికి ఎగిరిపోయి పడతాడు, విమానం గాల్లోనే ఆగిపోతుంది. పేటలో అలాంటి ఇంటికి పేరు రావడానికి ఎన్నో రోజులు పట్టదు. పూర్తి ఏకాంతం కావాలంటే ఆకాశంలో గది కట్టుకోండి. 4096 మీటర్ల వరకు కట్టవచ్చు, బెల్లిసేరియాలో మాత్రం 2000 మీటర్లకు పైనే ఉండాలి.

ఎవరి ఇంట్లోకైనా దూసుకుపోకండి. గుమ్మం బయట నిలబడి చాట్‌లో పలకరించండి. జవాబు రాకపోతే ఆ మనిషి కీబోర్డు దగ్గర లేడని అర్థం, కోపం తెచ్చుకోవద్దు. పేట గ్రూపులో చేరండి, తొలి పరిచయాలు అక్కడే దొరుకుతాయి. బెల్లిసేరియాలో నివాసులే సరదాగా నడిపే ‘బ్యూరో ఆఫ్ బ్యూరోక్రసీ’ ఉంది, పాస్‌పోర్టు ఇస్తుంది. వేడుకలకు, పేటలకు వెళ్లి ముద్రలు వేయించుకుంటూ తిరిగితే నెలలో ఖండం తెలిసిపోతుంది. జూన్‌లో సెకండ్ లైఫ్ పుట్టినరోజు వేడుకలు జరుగుతాయి. నివాసులు కట్టిన ప్రదర్శనలు చూసి, ఇల్లు ఎలా కట్టాలో అక్కడే సగం నేర్చుకోవచ్చు.

స్నేహితుల పేరుతో లింకు వస్తే, అది మళ్లీ పాస్‌వర్డ్ అడిగితే, మూసేయండి. ఏదైనా వస్తువు మీ ఖాతాలోంచి డబ్బు తీసుకునే అనుమతి అడుగుతూ పెట్టె తెరిస్తే, అది మీరే పెట్టుకున్న అమ్మకం యంత్రం కానంతవరకు ‘డినై’ నొక్కండి. ఒకసారి ఒప్పుకుంటే ఆ స్క్రిప్ట్ మీ ఖాతా అడుగంటేదాకా తీసుకోగలదు. వేధించేవాళ్లతో వాదించవద్దు. బ్లాక్ చేసి, రిపోర్ట్ పంపి, అవసరమైతే మీ పార్సిల్ నిషేధ జాబితాలో పేరు చేర్చండి.