పలాస నుంచి కెన్యా సఫారీకి: బయల్దేరే ముందు

ముందు ఎల్లో ఫీవర్ టీకా. మనకు దగ్గర్లో విశాఖ పోర్ట్ హెల్త్ ఆఫీసులో వేస్తారు. సర్టిఫికెట్ చెల్లేది టీకా వేసిన 10 రోజుల తర్వాతే కాబట్టి ఆఖరి వారంలో పరుగెత్తి లాభం లేదు. అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్‌లో పెట్టొచ్చు. అసలు టెన్షన్ తిరుగు ప్రయాణానికే!

ఈటీఏ, అంటే కెన్యాలోకి వెళ్లడానికి ముందస్తు అనుమతి, ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి.

పలాసవాళ్లం, జీడిపప్పు లేకుండా కదలం. ప్లాస్టిక్ క్యారీబ్యాగుల్లో మాత్రం కట్టొద్దు, అక్కడ 2017 నుంచి నిషేధం. గుడ్డసంచి చాలు.

మసాయి మారా అభయారణ్యంలో గైడ్ చెప్పనిదే బండి దిగొద్దు. సింహం టైరు నీడలో పడుకుని ఆవలిస్తున్నా సరే, సెల్ఫీ కోసం చెయ్యి బయటపెట్టకండి. నాకైతే సింహం కన్నా హిప్పోతోనే భయం. పగలంతా నీళ్లలో బద్ధకంగా కనిపిస్తుంది, చీకటి పడ్డాక గడ్డి మేయడానికి గట్టెక్కుతుంది. దానికీ నీటికీ మధ్య నిలబడితే అంతే సంగతులు. రాత్రి టెంట్ నుంచి భోజనానికి వెళ్లాలన్నా కాపలావాళ్లను పిలవండి.

టెంట్ జిప్పు పూర్తిగా వేయాలి, కోతులు తిండి కోసం దూరతాయి.

అక్కడి మసాయి తెగవాళ్లను అడగకుండా ఫొటో తీయకండి. డబ్బు అడిగితే ఎంతో ముందే మాట్లాడుకోండి.